విఱిగిన చెవియు, విడివడని చక్రమును



తాళము దొంగకొఱకు వేయుదుము. దొంగ రానేరాఁడు, ఒకానొక దినమున ఆ తాళము యజమానునే పట్టుకొనును. ఇంటి తాళమైనచో వీధియరుగుపై కూర్చుండి, తాళములు బాగుచేయువాఁడు వచ్చుదాఁక వేచియుండవచ్చును. చక్రమునకు వేసిన తాళ మట్టిది కాదు. టైరులో గాలి పోయినది. స్టెప్నీ బండిలోనే యున్నది. జాకీయు, పానాయు నున్నవి. కాని చక్రమును పట్టియున్న నాలుగు నట్టులలో నొకదాని తాళపుచెవి చేతిలోనే రెండు తునియలైనది. అది వానరాత్రియై, బండిలో నొక రోగియో, నిండుచూలాలో యున్నచో, ఆ చిన్న యినుపముక్క విలువ యెంతటిదో అప్పుడు తెలియును. అట్టియెడ ఏమి చేయవలెను, ముఖ్యముగా ఏమి చేయఁగూడదు అనునది నేఁటి ప్రసంగవిషయము.

చక్రము జాఱిపోకుండ నిలుపుట యెంతటి పనియో మనవారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. ఎడ్లబండి యిరుసు కొనయందు కడచీల యను నొక యినుపచీల యుండును. సంస్కృతమున దానికి అణి యని పేరు. యుద్ధమధ్యమున దశరథుని రథమునకు ఆ చీల యూడిపోఁగా, కైకేయి తన వ్రేలినే చీలగా నిలిపి రెండు వరములు పొందెనని మన పల్లెలలో కథ చెప్పుకొందురు. కడచీలకు తాళము లేదు. క్రిందినుండి సుత్తితో నొక దెబ్బ వేసిన పైకి వచ్చును. మోటారుబండి చక్రము సంగతి వేఱు. ఇరుసు కొనయందలి పళ్లెమునకు మరచుట్లుగల చీలలు బిగించియుండును. వానిపై చక్రమును తొడిగి నట్టులతో బిగింతురు. చిన్నకార్లకు తఱచుగా నాలుగు, పెద్దవానికి ఐదును ఉండును. ఫోక్స్‌వాగన్, స్కోడా మొదలగు కొన్ని కంపెనీల బండ్లకు చీల వేఱు, నట్టు వేఱు గాక, తలగల బోల్టులే లోనికి బిగియును. ఏదైనను ప్రదక్షిణముగా త్రిప్పిన బిగియును. అప్రదక్షిణముగా త్రిప్పిన వదలును. ఈ రెండు మాటలు మనసునం దుంచుకొన్నచో మిగిలిన విషయము సులభముగా బోధపడును.

ఇఁక తాళపు నట్టనఁగా నేమి? అల్యూమినియము కలిపిన లోహముతో పోఁతపోసిన చక్రములు చూచుటకు సొంపుగా నుండును, వెలయు నెక్కువ. రాత్రివేళ బండిని ఇటుకలపై నిలిపి చక్రములు దొంగిలించుకొనిపోవువారు గలరు. కాఁబట్టి చక్రమున కొకటి చొప్పున మామూలు నట్టును తీసివైచి, దాని స్థానమున తాళపు నట్టును బిగింతురు. దీనికి ఆఱు పలకలు లేవు, తల గుండ్రముగా నుండును, పానా పట్టదు. తలపై పూవురేకులవలె వంపులు తిరిగిన గాడి యొకటి యుండును. ఆ గాడికి సరిపోవు ముక్కయే దీని చెవి. దాని యొక కొన నట్టుపై కూర్చుండును. రెండవ కొన ఆఱుపలకలుగా నుండి పానాను పట్టును. కొన్నింటికి వెలుపల వదులుగా తిరుగు నొక కడియము గూడ నుండును. దొంగ పట్టకారుతో పట్టినను కడియమే తిరుగును గాని లోపలి నట్టు కదలదు.

మన ఇబ్రహీంపట్నము హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున నున్నది. 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేర వెలసిన యూరిది. ఆతని కాలమున కట్టిన పెద్దచెఱువు నేఁటికిని గలదు. ఒకప్పుడు ఎడ్లబండ్లు నడచిన ఈ చుట్టుప్రక్కల బాటలపై నేఁడు కార్లు బారులు తీరి పోవుచున్నవి. పంక్చరు దుకాణము లేని కూడలి లేదు. కాని పంక్చరు దుకాణముననే తఱచుగా ఈ తాళపుచెవికి చావు మూడును. ఎట్లో చెప్పెదను.

నట్టును చేతిపానాతో త్రిప్పినప్పుడు బలము నిలుకడగా పడును. దుకాణములందు గాలిబలముతో తిరుగు తుపాకివంటి పానా యుండును. అది నిమిషమునకు వందలకొలఁది దెబ్బలు కొట్టుచు నట్టును త్రిప్పును. మామూలు నట్టునకు పెద్ద పానాతో నంత ప్రమాదము లేదు. తాళపుచెవి పలుచని రేకులవంటి వంపులపై ఆధారపడినది. ఆ దెబ్బలకు వంపులు అరుగును, చెవి పగులును. రెండవ కారణము, చెవి గాడిలో పూర్తిగా కూర్చుండకముందే త్రిప్పుట. గాడిలో మట్టియున్నను ఇట్లే యగును. మూఁడవది, మితిమీఱి బిగించుట.

బిగింపునకు మిత యున్నదా యని యడుగవచ్చును. ఉన్నది. చిన్నకార్ల చక్రపు నట్టులకు సామాన్యముగా 100 న్యూటన్ మీటర్లకు అటునిటుగా నుండును. సరియైన సంఖ్య బండితో నిచ్చిన పుస్తకమున నుండును. 100 న్యూటన్ మీటర్లనఁగా, మీటరు పొడవుగల కాడ చివర సుమారు 10 కిలోల బరువు వ్రేలాడఁదీసినంత. కాడ అరమీటరైనచో 20 కిలోలు. మీటరులో మూఁడవవంతైనచో 30 కిలోలు. బండితో వచ్చు పానా పొడవు ఇంచుమించుగా ఇంతే. ఇప్పుడు 70 కిలోల మనుష్యుఁడు దానిపై కాలుపెట్టి నిలుచున్నచో ఏమగును? కావలసినదానికి రెండింతలకు మించిన బిగింపు! అట్లు నిలుచుండి బిగించుట మన బాటలపై నిత్యము చూచుచున్నదే. ఇబ్రహీంపట్నమునకు చేరువనున్న ఆదిభట్లలో సి-130జె విమానముల తోకభాగములు తయారగుచున్నవి. విమానపు పనిలో ప్రతి మరచీలకును ఇంత బలమని లెక్క యుండును. కొలతపానాతో గాని బిగింపరు. మన చక్రమునకు మాత్రము ఆ లెక్క యేల వలదు?

బిగించిన నట్టు కాలము గడచినకొలఁది మఱింత మొండికెత్తుటకు కారణములు గలవు. బిగించునపుడు మన మిచ్చు బలములో ఇంచుమించు పదియవవంతు మాత్రమే చక్రమును నొక్కిపట్టుటకు పోవును. మిగిలిన దంతయు రాపిడిలో పోవును. అనఁగా మరచుట్లు నునుపుగా నున్నవో, గరుకుగా నున్నవో అను దానిపైననే సర్వమును ఆధారపడియున్నది. వాననీరు చేరి యినుము త్రుప్పుపట్టినప్పుడు, ఆ త్రుప్పు తాను పుట్టిన యినుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. ఇఱుకైన మరచుట్లలో మేకు కొట్టినట్లు బిగిసికొనును. అల్యూమినియమును, ఉక్కును తడిలో నొకదానికొకటి తగిలియున్నచో క్షయము మఱింత త్వరపడును. వేఁడిమి గూడ కారణమే. డిగ్రీ వేఁడికి ఉక్కు మీటరునకు 12 మైక్రోమీటర్లు సాఁగఁగా అల్యూమినియము 23 సాఁగును. దూరప్రయాణము చేసి, బ్రేకులు కాఁగియున్న వేళ చక్రము ఉబ్బి నట్టును మఱింత గట్టిగా నొత్తును. కావున దారిలో ఆఁగినవెంటనే తొందరపడక, చక్రమును చల్లాఱనిచ్చి ప్రయత్నించుట మేలు.

ఇఁక చేయవలసిన పనిని క్రమముగా చెప్పెదను.

మొదటిది, బండి నిలుకడ. రోడ్డునుండి వీలైనంత దూరముగా, సమమైన గట్టినేలపై నిలిపి, ప్రమాదసూచక దీపములు వెలిఁగించి, చేతిబ్రేకు వేసి, మిగిలిన చక్రములకు రాళ్లు అడ్డముపెట్టవలెను. బిడ్డలను, వృద్ధులను బండినుండి దింపి రోడ్డునకు దూరముగా కూర్చుండఁబెట్టవలెను. చక్రము నేలపై నుండఁగనే నట్టును కదల్పవలెను. జాకీపై లేపిన బండి చక్రమును బలముగా గుంజినచో బండి జాకీనుండి జాఱి మీఁదఁ బడును. ఇట్లు పోయిన ప్రాణములకు తాళపు నట్టు వెల యేపాటిది?

రెండవది, చక్రము నిజముగా విప్పవలెనా యని యోచించుట. చాలమందికి తోఁచని యుపాయ మిది. నేఁటి కార్లలో పెక్కింటికి ట్యూబు లేని టైరులు. నేలకు తగులు భాగమున మేకు దిగియున్నచో, జిగురు పూసిన రబ్బరువత్తిని సూదితో దూర్చి, చక్రము బండికి ఉండఁగనే ఆ రంధ్రమును మూయవచ్చును. పిదప గాలి నింపి మెల్లగా ఊరు చేరవచ్చును. టైరు ప్రక్కభాగము చిరిగినచో మాత్రము ఇది పనికిరాదు. రోగి బండిలో నున్నపుడైతే, తాళముతో పెనఁగులాడక, 108కు గాని మఱియొక బండికి గాని కబురుపెట్టుటయే మొదటి కర్తవ్యము. బండి తెల్లవాఱుదాఁక అచటనే యుండఁగలదు, రోగి యుండలేఁడు.

మూఁడవది, రెండవ చెవిని వెదకుట. తాళపు నట్టులతో కొన్ని కంపెనీలు రెండు చెవులిచ్చును; సంకేతాంకముగల చిన్న చీటి నిచ్చుటయు గలదు. ఆ చీటి యున్నచో క్రొత్త చెవిని తెప్పింపవచ్చును. కంపెనీ మరమ్మతుశాలలందు పలురకముల తాళపు నట్టులకు సరిపోవు చెవుల పెట్టె యుండుట కలదు. నట్టు తలపై గాడిని స్పష్టముగా ఫోటో తీసి పంపినచో సరియైనదానిని తెచ్చెదరు. ఊరికి చేరువనున్నపుడు ఇదియే రాజమార్గము. విఱిగిన ముక్కలను పాఱవేయఁగూడదు, అవియే నమూనా.

నాలుగవది, ఈ మార్గములు మూసికొన్నపుడు తాళమును భంగపఱచుట. దీనికి ముందు నట్టు చుట్టును త్రుప్పును విడఁగొట్టు నూనెను చల్లవలెను. డబ్ల్యు.డి.-40 అను పేర అంగళ్లలో దొరకు ద్రవము 1953లో అమెరికాలో సిద్ధమైనది. నీటిని తొలఁగించుటకై చేసిన నలువదవ ప్రయోగము ఫలించినందున దాని కాపేరు వచ్చినది. అది లేనిచో కిరసనాయిలులో కొంచెము యంత్రపు నూనె కలిపి వాడవచ్చును. పోసినవెంటనే ఫలము కోరఁగూడదు; అరగంట, వీలైనచో రాత్రియంతయు నాననీయవలెను. నూనె బ్రేకు పళ్లెముపై పడకుండ గుడ్డ అడ్డముపెట్టవలెను. పడినచో బ్రేకు పట్టదు. ఈలోపల మిగిలిన నట్టులను వదులుచేయరాదు. అవి వదలినకొలఁది చక్రపు ఒత్తిడి యంతయు తాళపు నట్టుపైననే పడి యది మఱింత బిగిసికొనును. వానిని బిగువుగానే యుంచి, తాళపు నట్టునే ముందుగా తీయవలెను.

తిరుగు కడియము గల నట్టైనచో, ముందు ఆ కడియమును ఉలితో చీల్చి తీసివేయవలెను. పిదప నట్టు తలకంటె కొంచెము చిన్నదైన, పండ్రెండు కోణములుగల సాకెట్టును దానిపై నుంచి సుత్తితో కొట్టి దిగఁగొట్టవలెను. దాని పండ్లు నట్టు తలను కఱచిపట్టిన పిదప, పొడవైన కాడతో అప్రదక్షిణముగా మెల్లగా, ఎడతెగకుండ బలము వేయవలెను, కుదుపుచు లాగఁగూడదు. ఇందుకొఱకే ప్రత్యేకముగా చేసిన సాకెట్టులు గలవు. వాని లోపలి చుట్లు ఎడమవైపు తిరిగియుండును. కాఁబట్టి నట్టును వదలించు దిక్కున త్రిప్పినకొలఁది అవి మఱింత లోతుగా కఱచును. మెకానిక్కుల చేతిలో తఱచుగా పని చేయునది ఇదియే. గట్టిపఱచిన ఉక్కుపై సుత్తిదెబ్బ పడినప్పుడు సన్నని పెళ్లలు ఎగిరి కంటిలో గ్రుచ్చుకొనును. కన్నులకు అద్దములు లేక ఒక్క దెబ్బయు వేయఁగూడదు.

అదియు సాగనిచో కడపటి యుపాయము బరమాతో తొలుచుట. సామాన్యపు బరమాములికి ఈ ఉక్కు లొంగదు. కోబాల్టు కలిపిన ములికి వలయును. నడిమధ్యమున గుఱుతు కొట్టి, సన్నని రంధ్రముతో మొదలిడి క్రమముగా పెద్దదిగా చేయుచు పోవలెను. బోల్టైనచో తల ఊడినంతనే బిగింపు పోయి చక్రము వచ్చును. మిగిలిన మొండెము తఱచుగా పట్టకారుతోనే తిరిగి వచ్చును. నట్టైనచో లోపలి చీల గూడ చెడును. క్రొత్త చీల వేయవలసియుండును. ఇది దుకాణమున, అభ్యాసము గలవాఁడు చేయవలసిన పని.

కొందఱు తాళపు నట్టుపై మఱియొక నట్టును వెల్డింగు చేసి త్రిప్పుదురు. పని త్వరగా నగును. కనుకనే ఆశ పుట్టును. కాని టైరు తొడిగియున్న చక్రముపై నిప్పు పెట్టఁగూడదు. వేఁడికి టైరులోపలి రబ్బరు కమలి మండు వాయువులను విడుచును. లోపలి ఒత్తిడి పెరుగును. ఒక్కసారిగా బాంబువలె ప్రేలును. నిప్పు తీసివేసిన కొంతసేపటికి ప్రేలుటయు గలదు. గాలి విడిచినంతమాత్రమున భయము పూర్తిగా తొలఁగదు. ఎదురుగా కూర్చుండి పనిచేయువాఁడు, తఱచుగా పదునెనిమిదేండ్లయినను నిండని శిష్యుఁడు, ప్రాణములు కోల్పోవును. “ఒక్క నిమిషమే కదా” యని మెకానిక్కు చెప్పినను, బండి యజమానుఁడు “వలదు” అనవలెను. ఆ బాలుని పక్షమున ఆ మాట చెప్పఁగలవాఁడు అచట యజమానుఁ డొక్కఁడే.

చక్రము విడివడిన తరువాత పని ముగియలేదు. మరచుట్లను తీఁగెకుంచెతో తోమి, అంటిన నూనెను తుడిచివేయవలెను. నూనె మిగిలినచో రాపిడి తగ్గి, అదే బలమునకు చీల మితిమీఱి సాఁగును. నట్టులను వరుసగా గాక ఎదురెదురుగా, ఒకదాని పిదప నొకటి, రెండుమూఁడు విడతలుగా బిగింపవలెను. 50 మొదలు 100 కిలోమీటర్లు నడచిన పిదప మరల నొకసారి బిగింపు చూచుకొనవలెను. ఈ జాగ్రత్త లేక చక్ర మూడిపోయినచో, అంతకుముందు పడిన శ్రమ యంతయు వ్యర్థము.

మనలో కార్లుగలవారికంటె ద్విచక్రవాహనములు గలవారే యెక్కువ. వారికి వచ్చు కష్టము మఱొకవిధము: చెవి తాళములోనే విఱిగి, ముక్క లోపల నిలిచిపోవుట. 1861లో లైనస్ యేల్ అను అమెరికావాసి పేటెంటు పొందిన పద్ధతి యిట్టి తాళములలో పెక్కింటికి మూలము. లోపల చిన్న చిన్న చీలలు వరుసగా నుండి, చెవి గంట్లలో దిగి కూర్చుండును. తాళము కొంచెము తిరిగియుండఁగా చెవి విఱిగినచో, ఆ చీలలు ముక్కను కదలనీయవు. కాఁబట్టి సన్నని స్క్రూడ్రైవరు కొనతో తాళపు నడిమిభాగమును మొదటి స్థానమునకు త్రిప్పవలెను. పిదప పెన్సిలు లోపలి నల్లపొడిని కొంచెము విదిలించి, సన్నని రంపపు ఆకును, దాని పండ్లు వెలుపలికి లాగునట్లుగా, చెవి గంట్ల ప్రక్కగా దూర్చి మెల్లగా లాగవలెను. ముక్కను లోనికి నెట్టఁగూడదు. జిగురు పూసి అంటించి లాగెదమనువారు తాళము నంతటిని అంటించి కూర్చుందురు. రెండు ముక్కలును దక్కినచో, చెవులు కోయువాఁడు వానిని ప్రక్కప్రక్కన నుంచి క్రొత్తది కోసి యిచ్చును.

పోలీసువారు చక్రమునకు తగిలించు పసుపుపచ్చని బంధనము మాత్రము ఈ ప్రసంగమునకు వెలుపలిది. అమెరికాలోని డెన్వరు నగరవాసి ఫ్రాంక్ మరుగ్ దీనిని నిర్మించి 1958లో పేటెంటు పొందెను. ఆయన వాద్యబృందమున వయొలిను వాయించువాఁడు. దానికి చెవి యొక్కటే: జరిమానా చెల్లించుట. దానిని విఱుగఁగొట్టుట నేరము.

ఈ విద్య చెప్పుట దొంగలకు దారి చూపుట కాదా యని యొకరు ప్రశ్నింపవచ్చును. దొంగకు ఇది ముందే తెలియును, తెలియనివాఁడు యజమానుఁడు. అయినను ఒక నియమము మేలు. తాళము విఱుచుమని బండిని తెచ్చినవానిని మెకానిక్కు రిజిస్ట్రేషను పత్రము చూపుమని యడుగవలెను; అడిగినందుకు యజమానుఁడు కోపింపఁగూడదు.

కడపట, ఇంటికి పోయి రేపే చేయఁదగిన పనులు నాలుగు. తాళపుచెవి బండిలో ఎక్కడ నున్నదో చూచి, ఇంటిలోని వారందఱికిని ఆ చోటు చెప్పుఁడు. సంకేతాంకపు చీటిని బండిలో గాక యింటిలో దాఁచుఁడు. ఆఱునెలల కొకసారి తాళపు నట్టును చేతిపానాతో విప్పి, తుడిచి, మరల బిగింపుఁడు. పంక్చరు దుకాణమున చక్రము విప్పించునప్పుడు ప్రక్కనే నిలుచుండి, “ఈ యొక్క నట్టునకు గాలిపానా వలదు నాయనా, చేతితో విప్పుము” అని చెప్పుఁడు. అతఁడు విసుగుకొన్నను ఆ మాట మానకుఁడు.